పాత పాత్రలు, కొత్త పుస్తకాలు: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఎడిషన్లపై ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కొత్త ఎడిషన్ వస్తోందన్న వార్త వెలువడిన ప్రతిసారీ ఆటగాళ్లలో రెండు భావాలు ఒక్కసారే కలుగుతాయి. ఏళ్లుగా ఇబ్బంది పెడుతున్న నియమం ఇప్పటికైనా బాగుపడుతుందన్న ఆశ ఒకటి, ఇంతకాలం ఇష్టంగా ఆడుకున్న ఆట ఇక తమది కాకుండా పోతుందేమోనన్న అనుమానం మరొకటి. ఆశపడేవారు ఒక వర్గమనీ అనుమానించేవారు మరో వర్గమనీ చాలామంది భావిస్తారు. నేను అలా భావించడం లేదు. ఆ రెండూ ఒకే మనిషిలో, ఒకే కారణం వల్ల పుడతాయి. ఆ కారణమేమిటో, దాన్ని గుర్తించిన ప్రచురణకర్తలకూ గుర్తించని ప్రచురణకర్తలకూ ఏం జరిగిందో ఈ ఆట చరిత్ర నుంచే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఇంతవరకు ఈ ఆట ఆడని మిత్రులు కూడా సభలో ఉన్నారు కనుక ఆట స్వరూపం కొద్దిగా చెప్పాలి. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు డంజియన్ మాస్టర్, అంటే కథా ప్రపంచాన్ని వర్ణించి, అందులోని శత్రువులనూ మిత్రులనూ నడిపించేవారు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అది జరుగుతుందో లేదో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఒక కథ నెలల తరబడి, కొన్ని బృందాల్లో ఏళ్ల తరబడి సాగుతుంది. దాన్నే క్యాంపెయిన్ అంటాం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన ఈ ఆటను 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊరి నుంచి టీఎస్ఆర్ అనే చిన్న సంస్థ ఒక పెట్టెలో మూడు పలుచటి పుస్తకాలుగా, తొలి విడతలో వెయ్యి ప్రతులు అచ్చువేసి విడుదల చేసింది.

చదరంగం నియమాలు ఒక కాగితంపై రాస్తే ఆట మొత్తం అందులో ఉన్నట్టే. ఈ ఆట అలా కాదు. పుస్తకంలో ఉన్నది సగమే. మిగతా సగం ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు తయారుచేసుకున్నది. గల్లీ క్రికెట్‌లో ఫలానా వారి గోడ దాటితే అవుట్ అన్న నిబంధన ఏ పుస్తకంలోనూ లేకపోయినా ఆ వీధి పిల్లలందరికీ ఎలా శిరోధార్యమో, ప్రతి క్యాంపెయిన్‌కూ అలాంటి సొంత కట్టుబాట్లు, సొంత ఊళ్లు, సొంత దేవుళ్లు, చనిపోయి గుర్తుండిపోయిన పాత్రలు ఉంటాయి. ఇవన్నీ పుస్తకంలోని నియమాల మీదే నిలబడి ఉంటాయి. కొత్త ఎడిషన్ ఆ నియమాలను కదిలించినప్పుడు, ప్రచురణకర్త తన పుస్తకాన్ని తాను సవరించుకుంటున్నానని అనుకుంటాడు. ఆటగాడు మాత్రం తాను కట్టుకున్నదాని కిందనుంచి ఏదో లాగుతున్నారని కలవరపడతాడు. తాను కట్టుకున్నది ఇంకా బాగుండాలన్న కోరిక కూడా అతనికే ఉంటుంది. ఆశకూ అనుమానానికీ మూలం ఒకటేనని నేను అన్నది ఈ అర్థంలోనే.

1989లో వచ్చిన రెండో ఎడిషన్ గురించి ఇక్కడ ఎక్కువసేపు ఆగను. 1980ల్లో ఈ ఆట పిల్లలను పాడుచేస్తుందని అమెరికాలో చెలరేగిన ఆందోళన ప్రభావంతో ఆ ఎడిషన్ పుస్తకాల్లో డీమన్, డెవిల్ అన్న పేర్లను పక్కనపెట్టి కొత్త పేర్లు పెట్టారనీ, చాలా బృందాలు పాత పేర్లతోనే ఆడుకున్నాయనీ చెబితే సరిపోతుంది. 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ టీఎస్ఆర్‌ను కొనుగోలు చేసింది, 1999లో హాస్‌బ్రో విజార్డ్స్‌ను కొనుగోలు చేసింది, 2000లో మూడో ఎడిషన్ వచ్చింది. ఆ ఎడిషన్ పాత లెక్కలను మొదలంటా మార్చింది. అంతకుముందు కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత తగ్గేది. మూడో ఎడిషన్‌లో కవచం గట్టిదయ్యేకొద్దీ అంకె పెరిగేలా చేశారు. దీన్ని పాత ఆటగాళ్లలో అనుమానించినవారు ఉన్నారు. అయినా బల్ల దగ్గర రెండు సాయంత్రాలు ఆడేసరికి కూడికలూ తీసివేతలూ ఎంత సులువయ్యాయో వారికే అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన ఏ ఎడిషన్ కూడా పాత పద్ధతికి తిరిగి వెళ్లలేదు. అంటే అనుమానాలన్నీ నిజమవుతాయని నేను చెప్పడం లేదు. అనుమానం ఆటలోనే తీరాలి, ప్రకటనల వల్ల తీరదు.

మూడో ఎడిషన్‌తో పాటు వచ్చిన మరో విషయం తరువాతి పాతికేళ్లను శాసించింది. అది ఓపెన్ గేమ్ లైసెన్స్, మనం ఓజీఎల్ అని పిలుచుకునేది. ఆట మూల నియమాలను వాడుకుని ఎవరైనా సొంత సాహసగాథలు, సొంత పుస్తకాలు రాసి అమ్ముకోవచ్చునని ఆ లైసెన్స్ అనుమతించింది. వందలాది చిన్న ప్రచురణకర్తలు దానిమీదే బతికారు. మూడో ఎడిషన్ వచ్చిన మూడేళ్లకే, 2003లో, 3.5 అన్న సవరణ వచ్చి అందరూ మళ్లీ పుస్తకాలు కొనుక్కోవలసి వచ్చినప్పుడు చిరాకు కలిగినా, లైసెన్స్ చెక్కుచెదరకుండా ఉండటం వల్ల నమ్మకం నిలిచింది.

నాలుగో ఎడిషన్ దగ్గర కాస్త నిదానించాలి, ఎందుకంటే ఆటగాళ్ల అనుమానాలను పట్టించుకోకపోతే మంచి ఆట కూడా ఎలా నష్టపోతుందో దానంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు. 2007 ఆగస్టులో ప్రకటించి 2008 జూన్‌లో విడుదల చేసిన ఆ ఎడిషన్‌ను ఈ రోజుకీ చాలామంది విఫలమైన ఆటగా కొట్టిపారేస్తారు. నేను దానితో ఏకీభవించను. అంతకుముందు ఎడిషన్లలో మాంత్రికుడు పదో లెవెల్‌కు చేరేసరికి ఆకాశాన్ని శాసిస్తుంటే, యోధుడు మాత్రం ప్రతి వంతులోనూ 'కత్తితో కొడతాను' అన్న ఒక్క మాటే చెప్పవలసి వచ్చేది. నాలుగో ఎడిషన్ ఈ అన్యాయాన్ని సూటిగా ఎదుర్కొంది. ప్రతి క్లాస్‌కూ, అంటే యోధుడు, మాంత్రికుడు వంటి ప్రతి పాత్ర రకానికీ, ఎప్పుడైనా వాడుకోగల శక్తులు, ఒక పోరాటంలో ఒక్కసారి వాడేవి, రోజుకొక్కసారి వాడేవి అని మూడు రకాలు ఇచ్చి, వాటిని ఆకుపచ్చ, ఎరుపు, ముదురు బూడిద రంగుల పట్టీలతో అచ్చువేశారు. యోధుడు కూడా ఆలోచించి ఆడే పాత్ర అయ్యాడు. డంజియన్ మాస్టర్‌కు పోరాటాన్ని సిద్ధం చేసుకునే శ్రమ బాగా తగ్గింది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? పోరాటాలు సాగుతూ సాగుతూ సాయంత్రాన్ని మింగేసేవి, అన్ని క్లాసులూ ఒకే అచ్చులో పోసినట్టు అనిపించేవి. ఇవి నిజమైన లోపాలే. అంతకన్నా పెద్ద తప్పు, ఆటగాడు కట్టుకున్నదాని మీద ఆ ఎడిషన్‌కు పట్టింపు లేకపోవడం. తొలి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో, అంటే ఆటగాళ్ల నియమ పుస్తకంలో, నోమ్ జాతి లేదు, హాఫ్-ఆర్క్ జాతి లేదు, క్లాసుల్లో బార్డ్ లేడు, డ్రూయిడ్ లేడు, బార్బేరియన్ లేడు. మాంక్ అయితే 2010లో మూడో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేదాకా కనిపించలేదు. ఆరేళ్లుగా ఒక నోమ్ బార్డ్‌ను పెంచుకుంటూ వచ్చిన ఆటగాడి స్థానంలో ఉండి ఆలోచించండి. కొత్త ఎడిషన్ ఎంత గొప్పదైనా అతని పాత్రకు అందులో చోటు లేదు. చాలా క్యాంపెయిన్లకు ఆలవాలమైన ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత ప్రపంచాన్ని ఒక మహావిపత్తు పేరుతో సుమారు 100 సంవత్సరాలు ముందుకు జరిపారు. ఆటగాళ్లు స్నేహం చేసుకున్న రాజులు, వ్యాపారులు, సత్రం యజమానులు ఒక్క పుస్తకంతో గతించిపోయారు. పాత ఓజీఎల్ స్థానంలో షరతులు ఎక్కువగా ఉన్న వేరే లైసెన్స్ పెట్టడంతో ఇతర ప్రచురణకర్తలూ దూరమయ్యారు.

అప్పటిదాకా ఈ ఆటకు సంబంధించిన రెండు పత్రికలను లైసెన్స్ మీద నడిపి, 2007లో ఆ పని చేజారిన పైజో అనే సంస్థ ఈ అనుమానాన్ని అర్థం చేసుకుంది. 3.5 నియమాలను ఓజీఎల్ కింద సవరించి పాత్‌ఫైండర్ అనే ఆటను తెస్తున్నామని 2008 మార్చిలో ప్రకటించి, ముసాయిదాను ఉచితంగా అందరి చేతికీ ఇచ్చి, ఆడి చెప్పండని అడిగింది. 2009 ఆగస్టులో తుది పుస్తకం వచ్చేనాటికి వేలమంది ఆటగాళ్లు దాన్ని తమ చేతులతో సరిచేసినదిగా భావించారు. తాము కట్టుకున్నదాన్ని ఎవరూ పడగొట్టరన్న భరోసా పాత్‌ఫైండర్‌లో వారికి దొరికింది. అదే రోజుల్లో ఇంకొందరు ఓజీఎల్ ఆసరాతో 1970ల నాటి నియమాలను తిరిగి రాసి ప్రచురించి, పాత పద్ధతి ఆటకు ఒక ఉద్యమాన్నే నిర్మించారు. కొత్తదాన్ని కాదన్నవారు ఊరికే మూతి ముడుచుకుని కూర్చోలేదు, పుస్తకాలు రాశారు.

విజార్డ్స్ సంస్థ ఈ పాఠాన్ని నేర్చుకుంది. నాలుగో ఎడిషన్ వచ్చి నాలుగేళ్లు నిండకముందే, 2012 జనవరిలో, తరువాతి ఎడిషన్‌ను ఆటగాళ్లతో కలిసి తయారుచేస్తామని ప్రకటించి, ఆ మే నెల నుంచి ముసాయిదాలను బహిరంగంగా పరీక్షకు పెట్టింది. 1,75,000 మందికి పైగా అందులో పాలుపంచుకున్నారని సంస్థ చెప్పింది. 2014 ఆగస్టులో ఐదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, సెప్టెంబరులో మాన్‌స్టర్ మాన్యువల్, డిసెంబరులో డంజియన్ మాస్టర్స్ గైడ్ వచ్చాయి. మౌలిక నియమాలను ఉచితంగా ఇచ్చారు.

ఆ ఎడిషన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం అడ్వాంటేజ్. అంతకుముందు ఎత్తు మీద నిలబడితే ఇంత కలుపు, శత్రువు కిందపడి ఉంటే ఇంత కలుపు, చీకట్లో ఉంటే ఇంత తీసెయ్యి అంటూ ప్రతి వంతుకూ లెక్కలు వేసుకునేవాళ్లం. 2014లో ఆ గందరగోళాన్ని చాలావరకు ఊడ్చేసి, పరిస్థితి నీకు అనుకూలంగా ఉంటే రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకో, ప్రతికూలంగా ఉంటే చిన్న అంకె తీసుకో అన్నారు. 11 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలంటే ఒక్క పాచికతో సగం అవకాశం ఉంటుంది. రెండు వేస్తే అది 75 శాతం అవుతుంది. ఆటకు కొత్తగా వచ్చినవారికి కూడా నియమం చెప్పనక్కరలేకుండానే, రెండో పాచిక చేతిలో పెట్టగానే, తనకు మేలు జరిగిందని తెలుస్తుంది. ఆటగాళ్లు ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదు మంచి నియమంగా మారితే ఎలా ఉంటుందో అది చూపిస్తుంది.

ఇక మన కాలపు మార్పు. 2022 ఆగస్టులో, ఐదో ఎడిషన్‌ను సవరించి 2024లో కొత్త పుస్తకాలు తెస్తున్నామని విజార్డ్స్ ప్రకటించింది. పాత పుస్తకాలతో కలిపి వాడుకోవచ్చునని మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. కొత్త ఎడిషన్ అనకుండా జాగ్రత్తపడటంలోనే నాలుగో ఎడిషన్ నాటి భయం కనిపిస్తుంది. మళ్లీ ముసాయిదాలు, మళ్లీ సర్వేలు. తొలి ముసాయిదాలోనే పాచికపై 20 పడితే ఏ ప్రయత్నమైనా సఫలమేనని, శత్రువుల దెబ్బలకు క్రిటికల్, అంటే 20 పడినప్పుడు తగిలే అదనపు గాయం, ఉండదని ప్రతిపాదించారు. తరువాతి ముసాయిదా వచ్చేసరికి రెండూ పోయాయి. పులిగానో ఎలుగుబంటిగానో మారే డ్రూయిడ్‌కు అసలు జంతువుల అంకెలకు బదులు ఒక సాధారణ మూసను ఇద్దామని చూశారు, ఆటగాళ్లు ఒప్పుకోలేదు, వెనక్కి తీసుకున్నారు. వార్లాక్ అనే క్లాస్ మంత్రాల పద్ధతిని మార్చాలని చూశారు, అదీ వెనక్కి వెళ్లింది.

ఆటగాళ్ల మాట చెల్లినందుకు సంతోషించవలసిందే. అయితే ఈ పద్ధతికి ఒక బలహీనత కూడా ఉందని నా అభిప్రాయం. 2012లో చాలా బృందాలు ముసాయిదాను బల్లమీద పెట్టుకుని ఆడి, ఏది ఎక్కడ తడబడిందో చెప్పాయి. సర్వేకు జవాబిచ్చేవారిలో ముసాయిదాను చదివి మాత్రమే జవాబిచ్చేవారు పెరిగేకొద్దీ, కొత్తగా కనిపించే ప్రతిదీ తక్కువ మార్కులు తెచ్చుకుంటుంది, అలవాటైన ప్రతిదీ ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. డ్రూయిడ్ మూస ఆలోచనను ఒక నెలపాటు ఆడి చూసి ఉంటే, వంతు మధ్యలో జంతువుల పట్టికలు తిరగేసే శ్రమ తగ్గిందని కొందరైనా చెప్పి ఉండేవారు. ఆడకుండా వ్యక్తం చేసిన అనుమానానికి ఆడి వ్యక్తం చేసిన అనుమానమంత విలువ ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఇది ప్రచురణకర్తకే కాదు, మనకూ వర్తిస్తుంది.

తుది పుస్తకాలు 2024 సెప్టెంబరు, నవంబరు, 2025 ఫిబ్రవరి నెలల్లో వచ్చాయి. వాటిలో ఆశ నెరవేరిన చోటు, అనుమానం నిజమైన చోటు ఒకే నియమంలో కనిపిస్తాయి. అది వెపన్ మాస్టరీ. యోధుడి చేతిలోని ఒక్కో ఆయుధానికి ఒక్కో ప్రత్యేక గుణం ఇచ్చారు. గొడ్డలి దెబ్బ పక్కవాడికి కూడా తగలవచ్చు, పెద్ద కత్తి గురి తప్పినా కొంత గాయం చేస్తుంది, పెద్ద సుత్తి శత్రువును పడదోస్తుంది. నాలుగో ఎడిషన్ యోధుడికి ఇచ్చిన గౌరవాన్ని ఈ ఎడిషన్ మరో దారిలో తిరిగి ఇచ్చింది. ఇప్పుడు అదే సుత్తిని బల్ల దగ్గర చూద్దాం. ఐదో లెవెల్ యోధుడు ఒక వంతులో రెండుసార్లు కొడతాడు. మొదటి దెబ్బ తగిలింది, గాయం ఎంతో పాచికలు వేసి లెక్కపెట్టాం. వెంటనే శత్రువు పడిపోతాడో లేదో తేల్చడానికి డంజియన్ మాస్టర్ మరో పాచిక వేయాలి. పడిపోయాడు కనుక రెండో దెబ్బకు అడ్వాంటేజ్, రెండు పాచికలు, మళ్లీ గాయం లెక్క. మొదటిసారి నిలదొక్కుకుని ఉంటే రెండో దెబ్బకు కూడా ఆ పరీక్ష తప్పదు. యోధుడు తన అదనపు శక్తిని వాడి ఇంకో రెండుసార్లు కొడతానంటే ఇదంతా మళ్లీ మొదలు. సుత్తి పట్టిన ఆటగాడి ముఖం వెలిగిపోతుంది. బల్ల అవతల తన వంతు కోసం కూర్చున్న వ్యక్తి ఓపిక తగ్గుతుంది. దీనికి మా బృందంలో మేము చేసుకున్న ఏర్పాటు, వంతుకు ఒక్కసారే పడదోసే ప్రయత్నం అనుమతించడం. పుస్తకం అలా చెప్పదు, మా బల్ల అలా చెప్పింది.

రేంజర్ క్లాస్ విషయంలో మాత్రం ఆశ నెరవేరలేదనే చెప్పాలి. అడవిలో దారి పట్టి, శత్రువును వెంటాడే ఈ పాత్ర 2014 నుంచీ బలహీనంగా ఉందని విమర్శ ఉంది. ఒక ముసాయిదాలో, హంటర్స్ మార్క్ అనే మంత్రాన్ని రేంజర్ ఏకాగ్రత అవసరం లేకుండా వాడుకోవచ్చునని ఇచ్చారు. అంటే అతను దానితో పాటు ఏకాగ్రత కోరే మరో మంత్రాన్ని కూడా నడపగలడు. తుది పుస్తకంలో ఆ వెసులుబాటు పోయింది. పైగా క్లాస్‌కు పైలెవెల్స్‌లో వచ్చే బహుమానాలు చాలావరకు ఆ ఒక్క మంత్రానికే ముడిపడ్డాయి. పదమూడో లెవెల్‌లో, గాయపడినా ఆ మంత్రంపై ఏకాగ్రత చెదరదన్న వరం ఇస్తారు. ఇరవయ్యో లెవెల్‌లో దాని పాచిక పెద్దదవుతుంది. రెండేళ్లు ఒక రేంజర్‌ను నడిపి శిఖరానికి తీసుకొచ్చిన ఆటగాడికి అది ఏ పాటి కానుక?

జాతుల విషయంలో కూడా నొచ్చుకున్నవారున్నారు. కొత్త హ్యాండ్‌బుక్‌లోని పది జాతుల్లో హాఫ్-ఎల్ఫ్ లేదు, హాఫ్-ఆర్క్ లేదు. ఆర్క్, గొలియాత్, ఆసిమార్ వచ్చి చేరాయి. రెండు లోకాల మధ్య పుట్టి, రెంటిలోనూ పూర్తిగా ఇమడని పాత్రను కోరుకునేవారికి హాఫ్-ఎల్ఫ్ ఎంత ప్రియమైనదో ఆడినవారికి తెలుసు. అయితే 2008కీ 2024కీ ఇక్కడొక తేడా ఉంది. పాత పుస్తకంలోని జాతులను కొత్త నియమాలతో ఎలా వాడుకోవాలో కొత్త పుస్తకమే వివరించింది. మీ పాత్రను తుడిచేయలేదు, దానికి దారి చూపించారు. ఇది పూర్తి న్యాయం కాకపోయినా ఇందులో మర్యాద ఉంది.

నియమాల గురించి ఇంత చెప్పాను కానీ, ఈ ఎడిషన్ చుట్టూ అలముకున్న అసలైన అనుమానానికి నియమాలతో పనిలేదు. 2023 జనవరి మొదటివారంలో ఓజీఎల్‌కు బదులుగా తేదలచిన కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. పాత లైసెన్స్ ఇక చెల్లదనడం, ఏటా 7,50,000 డాలర్లు దాటిన ఆదాయంపై 25 శాతం వరకు రాయల్టీ అడగడం, ఇతరులు రాసినదాన్ని సంస్థ వాడుకునే హక్కు ఉంచుకోవడం అందులో ఉన్నాయి. ఆటగాళ్లలో ఆ మొత్తం సంపాదించే ప్రచురణకర్తలు ఎందరు? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా సాధారణ ఆటగాళ్లే ముందు కదిలారు. విజార్డ్స్ సంస్థ నడిపే డీ అండ్ డీ బియాండ్ అనే డిజిటల్ సేవకు కట్టే చందాలను పెద్ద సంఖ్యలో రద్దు చేసుకున్నారు. పైజో ముందుకొచ్చి, ఏ ఒక్క సంస్థ చేతిలోనూ ఉండని మరో లైసెన్స్‌ను రూపొందిస్తామంది, ఆ తర్వాత ఆ ఏడాది చివర్లో తన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ పుస్తకాలను కూడా ఓజీఎల్ అవసరం లేకుండా తిరిగి రాసి విడుదల చేయడం మొదలుపెట్టింది.

విజార్డ్స్ మరో ముసాయిదా ఇచ్చి అభిప్రాయం అడిగింది. 15,000కు పైగా జవాబులు వచ్చాయి. పాత లైసెన్స్‌ను రద్దు చేయడం పట్ల 89 శాతం అసంతృప్తి తెలిపారు. జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గింది. పాత ఓజీఎల్‌ను అలాగే ఉంచడమే కాక, 2014 నాటి మూల నియమాల పత్రాన్ని, అంటే ఎస్ఆర్‌డీ 5.1ను, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవడానికి వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద లోకానికి ఇచ్చేసింది. ఒకసారి అలా ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోవడానికి వీల్లేదు. 2025 ఏప్రిల్‌లో కొత్త నియమాల పత్రం, ఎస్ఆర్‌డీ 5.2, అదే పద్ధతిలో వచ్చింది. ఈ ఆట చరిత్రలో ఆటగాళ్ల అనుమానం సాధించిన అతి పెద్ద ఫలితం ఇదేనని నేను భావిస్తాను. నాలుగు వారాలైనా పట్టని ఈ ఉదంతంలో, తాము కట్టుకున్నది తమదేనని చట్టబద్ధమైన పత్రం రూపంలో ఆటగాళ్లు సంపాదించుకున్నారు.

డిజిటల్ సేవల విషయంలో ఇంకా అంత భరోసా లేదు. 2024 ఆగస్టులో, కొత్త హ్యాండ్‌బుక్ రాకముందు, డీ అండ్ డీ బియాండ్‌లోని క్యారెక్టర్ షీట్లలో, అంటే పాత్ర వివరాల పత్రాల్లో, పాత మంత్రాల స్థానంలో కొత్తవి వస్తాయని ప్రకటించారు. డబ్బు పెట్టి పాత పుస్తకం కొన్నవారి షీటు వారిని అడక్కుండానే మారిపోతుందన్నమాట. నిరసన రావడంతో రోజుల్లోనే ఆ నిర్ణయం మార్చుకుని, పాతవీ కొత్తవీ రెండూ ఉంచుతామన్నారు. అచ్చు పుస్తకం అలమరాలో ఉంటే దాని పేజీలను ఎవరూ రాత్రికి రాత్రి మార్చలేరు. నాలుగో ఎడిషన్ రోజుల్లో హామీ ఇచ్చిన డిజిటల్ బల్ల, అంటే కంప్యూటర్‌లోనే కలిసి ఆడుకునే వేదిక, ఆ హామీ ఇచ్చిన రూపంలో పూర్తిగా రాలేదు. ఈసారి సిజిల్ పేరుతో వచ్చిన త్రీడీ బల్ల 2025లో విడుదలైన కొద్ది వారాలకే దానిపై పనిచేసిన బృందంలో అత్యధికులను తొలగించారు. అందువల్ల, మీ క్యాంపెయిన్ భారమంతా ఒక సంస్థ సర్వర్ మీద పెట్టవద్దని కొత్తవారికి చెబుతూ ఉంటాను.

మన తెలుగు బృందాల మాట కూడా చెప్పాలి. హ్యాండ్‌బుక్ ధర 49.99 డాలర్లు, రూపాయల్లో నాలుగు వేలు దాటుతుంది, మూడు పుస్తకాలు కలిపితే ఎంతవుతుందో మీరే ఊహించవచ్చు. నేను ఆడే బృందంలో, నాకు పరిచయమున్న మరికొన్ని బృందాల్లో, పుస్తకం చదివేది ఒక్కరే, డంజియన్ మాస్టర్. మిగతావారు ఆ ఒక్కరి నోటి నుంచే, తెలుగులో, ఆడుతూ నియమాలు నేర్చుకున్నారు. అందువల్ల కొత్త ఎడిషన్ భారం అందరి మీదా సమానంగా పడదు. ఇంగ్లిష్ పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివి, ఏది మారిందో గుర్తుపెట్టుకుని, అలవాటైన నియమాన్ని మరిపించి కొత్తది నేర్పవలసింది ఆ ఒక్కరే. మారుదామా వద్దా అని బృందం ఓటు వేసుకునేటప్పుడు ఆ వ్యక్తి మాటకు రెట్టింపు విలువ ఇవ్వమని నా మనవి. సాగుతున్న కథను పాత నియమాలతోనే ముగించి, తరువాతి కథను కొత్త పుస్తకంతో మొదలుపెట్టాలని మా బృందం నిర్ణయించుకుంది. కొత్త సబ్‌క్లాస్ మీద, అంటే క్లాస్‌లోని ఉపవిభాగం మీద, మనసుపడ్డవారు మధ్యలో మారవచ్చునని, పాత పాత్రలతో కలిసి అదే బల్ల దగ్గర ఆడవచ్చునని కూడా అనుకున్నాం. ఇంతవరకు అది మమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

క్రియేటివ్ కామన్స్ కింద వచ్చిన ఆ రెండు పత్రాలను ఎవరైనా అనువదించవచ్చు, అచ్చువేయవచ్చు, పంచవచ్చు. మూలాన్ని పేర్కొనే వాక్యం ఒకటి చేర్చితే చాలు. ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో 5.1 పత్రాన్ని విజార్డ్స్ సంస్థే ఇచ్చింది. తెలుగులో ఎవరూ ఇవ్వరు, మనమే చేసుకోవాలి, చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మొత్తం పత్రంతో మొదలుపెట్టడం కష్టం కనుక, 5.2 పత్రంలోని నియమాల పదకోశం నుంచి రెండు భాగాలు ముందుగా చేయమని సూచిస్తాను. భయపడటం, కిందపడటం, స్పృహ తప్పడం వంటి 15 స్థితుల వివరణ ఒకటి. వంతులో చేయగలిగే 12 చర్యల వివరణ మరొకటి. ఆట మధ్యలో డంజియన్ మాస్టర్‌ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్నలు వీటిమీదే వస్తాయి. ఈ రెండూ కలిసి కొద్ది పేజీలకు మించవు. వచ్చినవారిలో ఎవరికైనా ఆసక్తి ఉంటే సభ ముగిశాక నన్ను కలవండి, స్థితులతో మొదలుపెడదాం.